పెన్న ఒడ్డున నాలుగు లెన్సులు

మా ఆఫీసులో ఎవరు కెమెరా కొనాలనుకున్నా ముందు నా డెస్కు దగ్గరికే వస్తారు. "ఏ కెమెరా తీసుకోమంటావ్?" అనడుగుతారు. "ఏం తీద్దామని?" అని నేను తిరిగి అడుగుతాను. ఇవాళ మార్కెట్లో దొరికే కెమెరా బాడీలన్నీ దాదాపు బాగానే పనిచేస్తాయి. ఫోటో ఎలా వస్తుందో తేల్చేది దాని ముందు తగిలించే లెన్స్. ఆ మాట చెప్పగానే "మరి ఏ లెన్స్ కొనాలి?" అని రెండో ప్రశ్న వస్తుంది. ఎంఎంలు, ఎఫ్ నంబర్లు నోటితో చెప్తే ఎవరికీ ఎక్కవు. అందుకే ఈసారి ఒక ప్రయాణం చెప్తాను. బెంగళూరు నుంచి లేపాక్షి, తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట. రెండున్నర రోజులు, నాలుగు లెన్సులు. దారి పొడవునా ఏ లెన్స్ ఎక్కడ ఎందుకు పనికొచ్చిందో చూస్తే లెక్క దానంతటదే అర్థమవుతుంది.

ఈ దారే ఎందుకంటే చివర్లో నాకొక పనుంది. మా అవ్వ, అంటే మా అమ్మకు అమ్మ, గండికోట రిజర్వాయరు కింద మునిగిన ఊరి మనిషి. 2020లో నీళ్లు ఊళ్లోకి వచ్చాక ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటోంది. సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు, "నీకాడ పెద్ద కెమెరా ఉండాదంట గదా నాయనా, మన ఊరు ఒక్క ఫోటో తీసియ్యి" అంది. నీళ్ల కిందున్న ఊరిని ఫోటో తీయడమెలా అని ఆమె ఆలోచించలేదు. నేను మాత్రం దారంతా అదే ఆలోచించాను.

బ్యాగులో ఏమున్నాయి?

ముందు సామాను లెక్క చెప్పుకుందాం. 10-18 ఎంఎం వైడ్ యాంగిల్ జూమ్ ఒకటి, 50 ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ ఒకటి, 55-250 ఎంఎం టెలిఫోటో జూమ్ ఒకటి. ఈ మూడూ నావి. నాలుగోది 100 ఎంఎం మాక్రో, నాతోపాటు కారులో వచ్చిన మా రూమ్మేట్‌ది. జూమ్ అంటే ఎంఎం మార్చుకోగలిగే లెన్స్. ప్రైమ్ అంటే ఒకే ఎంఎం, మార్చలేం. దగ్గరగా కావాలంటే మనమే నడవాలి.

ఎంఎం అనేది ఫోకల్ లెంగ్త్. అది చిన్నదైతే ఎక్కువ వెడల్పు కనిపిస్తుంది, పెద్దదైతే తక్కువ మేర పెద్దదిగా కనిపిస్తుంది. నా కెమెరాలో ఉన్నది క్రాప్ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్నది. కాబట్టి ప్రతి నంబర్‌నీ 1.5తో గుణించుకోవాలి. నా 10 ఎంఎం ఫుల్ ఫ్రేమ్‌లో 15తో సమానం, 50 ఎంఎం 75తో సమానం, 250 ఎంఎం 375తో సమానం. చూపు కోణంలో చెప్పాలంటే మొదటిది దాదాపు 110 డిగ్రీలు, రెండోది 32, మూడోది ఆరున్నర. మీ ఫోన్లోనూ ఇదే కథ. 0.5ఎక్స్ నొక్కితే వచ్చేది వైడ్ యాంగిల్. మామూలు 1ఎక్స్ కూడా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24, 26 ఎంఎం దగ్గర ఉంటుంది, అంటే అది కూడా కాస్త వైడే.

లేపాక్షి: నందికి ఎంత దూరంలో నిలబడాలి?

తెల్లవారుజామున నాలుగున్నరకి బెంగళూరులో బయల్దేరాం. హైవే మీద బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి ఎంతో దూరం లేదు. ఊళ్లోకి రాగానే బసవన్న. ఒకే రాయి. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. మెడలో గంటలు, గొలుసులు, మీద కప్పిన గుడ్డ, అన్నీ ఆ రాతిలోనే.

అప్పటికే ఒక కుటుంబం నంది ముందు నిలబడి ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది. ముక్కు దగ్గరికి వెళ్లి 0.5ఎక్స్ పెట్టారు. ఫోటోలో మూతి గుడిసెంత, వెనక భాగం దూడంత వచ్చింది. పిల్లాడు పగలబడి నవ్వుతున్నాడు. చాలామంది దీన్ని "వైడ్ లెన్స్ సాగదీస్తుంది" అంటారు. అంచుల్లో కొంత సాగడం నిజమే కానీ అసలు కారణం మనం నిలబడ్డ చోటు. లెక్క చూడండి. నంది మూతికి 5 అడుగుల దూరంలో నిలబడితే తోక 32 అడుగుల దూరంలో ఉంటుంది. అంటే ఆరు రెట్లకు పైగా దూరం, కాబట్టి అక్కడున్నది ఆరో వంతుకు తగ్గి కనిపిస్తుంది. అదే 60 అడుగులు వెనక్కి వెళ్తే మూతి 60, తోక 87. ఒకటిన్నర రెట్లు కూడా లేదు. శిల్పి చెక్కిన కొలతలు దాదాపు అలాగే కనిపిస్తాయి.

కాబట్టి మొదటి సూత్రం ఇది. వస్తువుల మధ్య కొలతల్ని నిర్ణయించేది మనకూ వాటికీ ఉన్న దూరం. ఆ దూరం నుంచి చూసినదాన్ని ఫ్రేములో ఎంతమేర ఉంచాలో నిర్ణయించేది లెన్స్. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి, తర్వాతే లెన్స్ తగిలించండి. నేను వెనక్కి నడిచి 50 ఎంఎంతో ఒకటి తీశాను. నవ్వు తెప్పించే ఫోటో కావాలంటే ముక్కు దగ్గరికే వెళ్లండి, అందులోనూ తప్పేం లేదు.

వీరభద్రస్వామి గుడి కూర్మశైలం అనే తాబేలు ఆకారపు గుట్ట మీద ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపం కప్పు నిండా బొమ్మలు. గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం. ఆ ఆడవాళ్ల చీరల అంచులు చూసి ఇప్పటికీ నేతగాళ్లు డిజైన్లు తీస్తారు. ఇక్కడ వైడ్ యాంగిల్ తప్ప ఇంకేదీ కుదరదు. కప్పు ఎత్తు తక్కువ, వెనక్కి వెళ్దామంటే అడ్డంగా స్తంభాలు. ఒక చిట్కా చెప్తాను. వైడ్ లెన్స్‌తో కప్పుని తీసేటప్పుడు కెమెరాని వంచకుండా, దాని వీపు నేలకు సమాంతరంగా పెట్టాలి. అప్పుడే బొమ్మల చుట్టూ ఉన్న గీతలు నిటారుగా వస్తాయి. కెమెరాని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు సెకండ్ల టైమర్ పెట్టి పక్కకి జరిగితే చాలు. చేయి వణకదు, మన తల అడ్డు రాదు. ఆ బొమ్మల మీద ఫ్లాష్ కొట్టకండి. పురావస్తు శాఖ ఆధీనంలో ఉన్న గుళ్లలో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

వేలాడే స్తంభం దగ్గర ఎప్పుడూ క్యూనే. స్తంభం అడుగున కండువా ఇటు నుంచి అటు లాగి చూస్తుంటారు. అందరూ స్తంభం అడుగున ఉన్న సందుని తీస్తారు. నాకు మాత్రం కండువా అవతలివైపు బయటికి రాగానే మనుషుల ముఖాల్లో వచ్చే ఆశ్చర్యం బాగా నచ్చింది. దానికి 50 ఎంఎం పెట్టాను. ఎఫ్/1.8 దగ్గర ముఖం స్పష్టంగా ఉండి, వెనకాల స్తంభాల వరస మెత్తగా కరిగిపోతుంది. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎంతో ఛాతీ వరకు ఫోటో తీయాలంటే ఆరేడు అడుగుల దూరం కావాలి. అవతలి మనిషి మొహమాటపడని దూరం అది. ముక్కులు, చెవులు కూడా ఉన్నంతే వస్తాయి. ముఖాలకు ఈ రేంజ్ లెన్సులు వాడడం వెనకున్న కారణం అదే.

తాడిపత్రి: వేలి గోరంత శిల్పం

మధ్యాహ్నం బయల్దేరి, అనంతపురం మీదుగా తాడిపత్రి చేరేసరికి సాయంత్రమైంది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని ఏడింటికల్లా బుగ్గ రామలింగేశ్వరాలయానికి వెళ్లాం. పెన్న ఒడ్డునే గుడి. లింగం దగ్గర నీటి ఊట ఉంది కాబట్టి బుగ్గ. ఈ గుడినీ, ఊళ్లోని చింతల వేంకటరమణస్వామి గుడినీ కట్టించింది పెమ్మసాని నాయకులు. గండికోటని ఏలింది కూడా వాళ్లే. అంటే సాయంత్రం చూడబోయే కోట యజమానుల చేతి పని పొద్దున్నే చూస్తున్నామన్నమాట.

బుగ్గ గుడి గోపురాలు పూర్తి కాలేదు. పైన అంతస్తులు లేవు, అడుగు భాగమే. కానీ ఆ అడుగు భాగంలో ఒక్క అంగుళం కూడా ఖాళీ లేదు. తీగలు, హంసలు, నాట్యకత్తెలు, వాళ్ల కాళ్ల గజ్జెలు. గజ్జె ఒక్కోటి వేలి గోరులో సగం ఉంటుంది. ఇక్కడ మాక్రో బయటికి తీశాం.

అసలైన మాక్రో లెన్స్ 1:1 ఇస్తుంది. అంటే 20 ఎంఎం ఉన్న వస్తువు సెన్సర్ మీద కూడా 20 ఎంఎంగానే పడుతుంది. సెన్సర్ వెడల్పే 24 ఎంఎం లోపు కాబట్టి ఫోటో మొత్తం ఆ గజ్జెల వరసే నిండిపోతుంది. మామూలు లెన్స్ అంత దగ్గరికి వెళ్తే ఫోకస్ పట్టదు. అయితే దీనికొక చిక్కుంది. అంత దగ్గర్లో ఫోకస్ పట్టే మందం చాలా తక్కువ, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గజ్జె మీద ఫోకస్ పెడితే కాలి వేలు మసకబారుతుంది. అందుకే ఎఫ్/11 దాకా మూయాలి. అప్పుడు వెలుగు తగ్గుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరవాల్సి వస్తుంది, చేయి వణుకుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. మేం రోజూ ఆఫీసులో కోడ్ రాసేటప్పుడు పడే తిప్పలే ఇవి, ఇక్కడ వెలుగుతో పడాలి.

రూమ్మేట్ ఒక మంచి పని చేశాడు. గోడకు ఎదురుగా ఎండ పడేదాకా ఆగలేదు. ఏడున్నరకు ఎండ గోడని పక్క నుంచి రాసుకుంటూ పడుతోంది. అలా పక్క నుంచి పడ్డప్పుడే ప్రతి గీతకీ ఒక చిన్న నీడ పుడుతుంది. చెక్కడం లోతు తెలిసేది ఆ నీడతోనే. పది దాటాక అదే గోడ చప్పగా కనిపించింది. లెన్స్ ఎంత మంచిదైనా లేని నీడని తేలేదు.

చింతల వేంకటరమణస్వామి గుడిలో గరుడ మండపాన్ని రాతి రథంలా కట్టారు. గోడల మీద రామాయణం వరసగా చెక్కి ఉంది. ఒక పెద్దాయన మనవరాలికి వేలు పెట్టి చూపిస్తూ కథ చెప్తున్నాడు. వాళ్లు ముందుకు నడిచేకొద్దీ కథ నడుస్తోంది. మాక్రోతో ఒక్క బొమ్మ తీయొచ్చు గానీ కథ రాదు. అక్కడ మళ్లీ 50 ఎంఎంకి మారాను. తాత వేలు, పాప ముఖం, గోడ మీద నాలుగు బొమ్మలు ఒకే ఫ్రేములో పట్టాయి. వాళ్లని అడిగే తీశాను, తీశాక చూపించాను.

బెలుం: చీకట్లో చిన్న లెక్క

తాడిపత్రి నుంచి బెలుం గుహలు 30 కిలోమీటర్లుంటాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం. పైనుంచి చూస్తే చదునైన పొలం, మధ్యలో ఒక బావి లాంటి గొయ్యి. అదే దారి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి సంగతి లోకానికి చెప్పాడు. 1982-83లో జర్మన్ బృందమొకటి లోపలంతా తిరిగి కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. సున్నపురాయిని వేల ఏళ్లపాటు నీళ్లు కోస్తూ పోతే ఏర్పడిన సొరంగాలివి. అన్నిటికన్నా లోతున పాతాళగంగ ఉంది.

లోపలికి వెళ్లబోయే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. గుహలో ఉక్కపోత చాలా ఎక్కువ. కారు ఏసీలో చల్లబడ్డ లెన్స్‌ని అలాగే తీసుకెళ్తే కూల్‌డ్రింక్ సీసా మీద పట్టినట్టు గాజు మీద చెమ్మ పడుతుంది. అందుకే చివరి అరగంట ఏసీ కట్టేసి, కిటికీలు దించి వెళ్లాం. బ్యాగు జిప్పు మాత్రం లోపలికి వెళ్లి కాసేపయ్యాకే తీశాం. చెమ్మ బ్యాగు మీద పడితే పడనీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. చీకట్లో ఏ లెన్స్? ఎవర్నడిగినా "ఎఫ్ నంబర్ తక్కువున్నది" అంటారు. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని లెన్స్ తెరుచుకునే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. నంబర్ తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. నా వైడ్ లెన్స్ ఎఫ్/4.5, ప్రైమ్ ఎఫ్/1.8. 4.5ని 1.8తో భాగిస్తే 2.5, దాని వర్గం 6.25. అంటే ప్రైమ్ ఆరు రెట్లు ఎక్కువ వెలుగు లాగుతుంది. ఇంకేముంది, ప్రైమే గెలిచిందనుకుంటాం.

ఆగండి. ట్రైపాడ్ లేకుండా చేత్తో తీస్తే షట్టర్ ఎంతసేపు తెరవొచ్చో చెప్పే పాత లెక్క ఒకటుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఎన్ని ఎంఎం ఉంటే సెకండులో అన్నో వంతు. 50 ఎంఎం అంటే 75 కాబట్టి సెకండులో 80వ వంతు. 10 ఎంఎం అంటే 15 కాబట్టి సెకండులో 15వ వంతు. అంటే వైడ్ లెన్స్‌ని ఐదు రెట్లకు పైగా ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు. ప్రైమ్‌కి ఆరు రెట్ల వెలుగు, వైడ్‌కి ఐదు రెట్ల సమయం. చివరికి రెండూ ఇంచుమించు ఒకచోటికే వచ్చాయి!

మరి తేడా ఎక్కడంటే, మనుషులు కదులుతారు, రాళ్లు కదలవు. సెకండులో 15వ వంతులో నడిచే మనిషి దయ్యంలా సాగిపోతాడు. కాబట్టి పిల్లిద్వారం, మండపం, కోటిలింగాల గది లాంటివి వైడ్‌తో తీశాను. పాతాళగంగ మెట్లు దిగుతున్న ఆడవాళ్లు, గోడని తట్టి సప్తస్వరాలు వినిపించే గైడు, వీళ్లని ప్రైమ్‌తో తీశాను. లైట్ల రంగు పసుపు, ఎరుపు కలిసి ఉంటుంది. దాన్ని పూర్తిగా తెల్లగా దిద్దాలని చూడకండి. గుహలో అలాగే ఉంటుంది.

గండికోట: లోతుని ఎలా చూపించాలి?

బెలుంలో భోజనం చేసి బయల్దేరితే గండికోటకు నాలుగున్నరకి చేరాం. ఎర్రమల కొండల్ని పెన్న నది రెండుగా కోసిన చోటు. గండి అంటే అదే. ఆ గండి అంచున కోట. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, పావురాల గోపురం, కోనేరు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియె 1652లో ఇక్కడికొచ్చి, అప్పుడు కోట చేతిలో ఉన్న మీర్ జుమ్లాని కలిశాడు.

మాధవరాయ గోపురాన్ని దగ్గర్నుంచి తలెత్తి తీస్తే పైకి పోయేకొద్దీ సన్నబడి, వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరా వంచడం వల్ల వచ్చేదది. దీనికోసమే టిల్ట్-షిఫ్ట్ అనే లెన్సులున్నాయి. కెమెరాని నిటారుగానే ఉంచి, లెన్స్‌ని మాత్రం పైకి జరపొచ్చు. కట్టడాల ఫోటోలు వృత్తిగా తీసేవాళ్లు వాడతారు. మనబోటి వాళ్లకి ఖరీదెక్కువ. చవకైన మార్గం ఒకటుంది. వెనక్కి వెళ్లి, కెమెరాని నిటారుగా పట్టుకుని తీసి, కింద మిగిలిన నేలని తర్వాత కత్తిరించేయడమే. గండికోటలో వెనక్కి వెళ్లడానికి కావాల్సినంత చోటుంది.

గండి దగ్గర అందరూ వైడ్ యాంగిల్ తీస్తారు, నేనూ తీశాను. కానీ వైడ్‌తో ఒక ఇబ్బంది ఉంది. దూరంగా ఉన్నదాన్ని చిన్నది చేసేస్తుంది. మూడు వందల అడుగుల లోయ కాలవ గట్టులా కనిపిస్తుంది. అందుకే ముందు ఏదో ఒకటి పెట్టుకోవాలి. నేను పగిలిన పెద్ద బండ ఒకటి ఫ్రేము కింద భాగంలో పెట్టాను. దాని పగుళ్లు లోయ వైపు చూపిస్తుంటే కన్ను వాటి వెంటే లోపలికి పోయింది. తర్వాత టెలిఫోటో తగిలించి అవతలి గట్టుని తీశాను. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఎర్రరాతి పొరలు, వాటి అంచున నిలబడ్డ నలుగురు మనుషులు, కింద పచ్చటి నీళ్లు. ఆ మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. లోయ ఎంత లోతో చెప్పింది ఆ ఫోటోనే.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గండి అంచు చాలా చోట్ల కంచె లేకుండానే ఉంటుంది. వైడ్ యాంగిల్‌లోంచి చూస్తే అంచు ఉన్నదాని కంటే దూరంగా కనిపిస్తుంది. ఫోన్లో 0.5ఎక్స్ అయినా అంతే. స్క్రీన్ చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకండి. కన్ను తీసి, నేల చూసి, నిలబడి, అప్పుడు తీయండి. సెల్ఫీలకి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. లెన్స్ మార్చేటప్పుడు కూడా అంచు దగ్గర వద్దు. గాలికి దుమ్ము సెన్సర్ మీద పడుతుంది. గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి వంచి మార్చుకోండి.

నీళ్లకి అవతల

పర్యాటకులు చూసే గండికి ఎగువన, నది వచ్చే వైపు గండికోట రిజర్వాయరు ఉంది. గాలేరు-నగరి పథకంలో భాగం. దాదాపు 27 టీఎంసీలు పడుతుంది. ఆ నీళ్లు ఎండిన సీమకు అవసరం కాదని అవ్వ కూడా అనదు. "మా చేన్లు తడవకపాయ, ఎవరివో ఒకరివి తడవనీ" అంటుంది. కానీ ఆమె పెళ్లై వచ్చిన ఇల్లు, మా అమ్మ పుట్టిన ఇల్లు ఆ నీళ్ల కిందున్నాయి.

ఆ రాత్రి కాలనీలో అవ్వ దగ్గరే పడుకున్నాం. రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి పెట్టింది. పొద్దున ఆరింటికే ఆమెని కారెక్కించుకుని బయల్దేరాం. పొద్దున్నే ఎందుకంటే టెలిఫోటోకి ఎండే శత్రువు. ఎండెక్కితే నేల మీది గాలి వేడెక్కి అల్లాడుతుంది, దూరంగా ఉన్నవి నీళ్లలో నీడలా వణుకుతాయి. ఎన్ని లక్షల లెన్స్ అయినా ఆ గాలిలోంచి చూడాల్సిందే.

ఒక మెట్ట మీద ఆపాం. ముందంతా నీళ్లు. వైడ్‌తో చూస్తే ఆకాశం, నీళ్లు, మధ్యలో ఒక గీత. ఏ చెరువైనా అలాగే ఉంటుంది. 50 ఎంఎంలో కూడా అంతే. 250 పెట్టాను. అప్పుడు కనిపించాయి, నీళ్లలోంచి పైకి తేలిన రెండు కరెంటు స్తంభాల తలలు, ఆకుల్లేని ఒక చెట్టు. కెమెరా వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి అవ్వకి చూపించాను. కంటికి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసింది.

"ఇది రచ్చబండ కాడి వేపమాను గదరా అబ్బీ!"

"నిజంగానా అవ్వా?"

"నాకు తెలీదా? దాని కిందనే గదా మీ తాత పేకాడేది. ఆడ్నించి ఎడంపక్కకు నాలుగిండ్లు. నాలుగోది మనది."

ఎడంపక్క నీళ్లు తప్ప ఏమీ లేవు. 250 ఎంఎం అంటే ఆరున్నర డిగ్రీల చూపు, చాలా ఇరుకు. చెట్టుని ఫ్రేము మధ్యలో పెడితే అందంగా ఉంటుంది, ఎవరైనా అలాగే తీస్తారు. నేను చెట్టుని కుడి అంచుకి నెట్టి, ఎడమవైపంతా నీళ్లు వదిలాను. చేయి కదలకుండా కారు బానెట్ మీద ఆనించాల్సి వస్తే, అవ్వ భుజం మీది తువ్వాలు మడిచి లెన్స్ కింద పెట్టింది. సెకండులో 400వ వంతు, ఎఫ్/8. ఆరు ఫోటోలు తీశాను.

తర్వాత అవ్వని అక్కడే నిలబెట్టి 50 ఎంఎంతో ఇంకో ఫోటో తీశాను. ఎఫ్/1.8 పెడితే వెనకాల నీళ్లు మసకబారి బాగుంటుంది. కానీ ఎఫ్/11 పెట్టాను. ఆమె వెనకున్న నీళ్లు కూడా స్పష్టంగా కనపడాలి కదా.

ప్రింట్లు రెండూ పంపించాను. అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అవ్వ తన ఫోటోని పెట్టెలో పెట్టేసి, నీళ్ల ఫోటోని గోడకి తగిలించిందట. చూడ్డానికొచ్చిన వేరే ఊరివాళ్లు "ఇదేం ఫోటో, నీళ్లేగా" అంటారట. ఊరివాళ్లు మాత్రం మాట్లాడకుండా దగ్గరికొచ్చి, చెట్టు నుంచి ఇళ్లు లెక్కబెట్టుకుని, నీళ్ల మీద వేలు పెడతారట. గాజు మీద వేలిముద్రలు పడుతున్నాయని, రోజూ తుడవలేక చస్తున్నానని అవ్వ విసుక్కుంటోందట.

మీరు వెళ్లాలనుకుంటే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. ఎండాకాలం సీమ ఎండకి కెమెరా కంటే ముందు మనిషే వేడెక్కుతాడు. గండికోటకు దగ్గర ఊరు జమ్మలమడుగు, 15 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగొచ్చు. కోట దగ్గర పర్యాటక శాఖ వసతి ఉంది, శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోండి.

లెన్సుల విషయానికొస్తే, కెమెరాతోపాటు వచ్చే 18-55 ఎంఎంతోనే మొదలుపెట్టండి. ఒక నెల తీశాక మీ ఫోటోలన్నీ తెరిచి, ఏ ఎంఎం దగ్గర ఎక్కువ తీశారో చూడండి. ఆ వివరం ప్రతి ఫోటో ఫైలులోనూ ఉంటుంది. అన్నీ 18 దగ్గరే ఉంటే మీకు వైడ్ కావాలి, 55 దగ్గరే ఉంటే టెలిఫోటో కావాలి. మనుషులే ఎక్కువుంటే 50 ఎంఎం ఎఫ్/1.8 కొనండి, అన్నిట్లోకీ చవకైన మంచి లెన్స్ అదే. మాక్రో లాంటివి కొనే ముందు రెండు రోజులు అద్దెకు తీసుకోండి, పెద్ద ఊళ్లలో దొరుకుతాయి. ఇవేవీ లేకపోతే ఫోన్ చాలు. కానీ ఎక్కడ నిలబడాలో మాత్రం ఆ ఊరివాళ్లని అడిగి తెలుసుకోండి.